భయానికి గంటకి రెండు కాయలు

పొద్దున్న ఎనిమిది గంటలు. మబ్బు పట్టింది. గాలి లేదు, ఒకటే ఉక్క.

జీడితోట గట్టు మీద పందికొక్కు పైడితల్లి తన మేళంతో నిలబడింది. బొరియలు తవ్వే కాంట్రాక్టు ఆమెది. మేళమంటే ముగ్గురే. తవ్వడానికి చిట్టెలుక బుల్లెమ్మ, ఎండ్రకాయ సోములు. మట్టి మోయడానికి తాబేలు తవిటయ్య. ఇంట్లో గింజ లేదు. వానలు పడితే నాలుగు నెలలు పని ఉండదు. ఈ ఒక్క పనీ దక్కాలి.

పని ఇచ్చేది నక్క గుర్నాథం.

"గంటకి ఎంత, మేస్త్రమ్మా?"

"తలకి ఏడు వేరుశనక్కాయలు, బాబూ."

"ఏడా! తాబేలుకీ అంతేనా? గంటకి జానెడు నడుస్తుందది!"

"నడక నీకెందుకు? మోత చూడు," అన్నాడు తవిటయ్య, తల బయటపెట్టి. చెప్పేసి మళ్లీ లోపల పెట్టేసుకున్నాడు.

పైడితల్లి గోటితో నేల మీద గీతలు గీసింది. "తవ్వకానికి మూడు. గోళ్ల అరుగుదలకి ఒకటి. రాకపోకలకి ఒకటి. భయానికి రెండు."

గుర్నాథం పడీ పడీ నవ్వాడు. "భయానికి కూలేంటమ్మా! మొన్నొక ఎలుక మొత్తం మూడుకే ఒప్పుకుంది."

"మరి దానిచేతే చేయించుకోలేకపోయావా?"

"మొదలెట్టింది. మధ్యలో... ఊరెళ్లింది." మూతి నాక్కున్నాడు.

సోములు అడ్డంగా జరిగి పైడితల్లి చెవిలో అన్నాడు. "అక్కా, అది వెళ్లిన ఊరు వీడి పొట్టే. పోదాం పద."

"పోతే తినడానికేం లేదురా."

"ఉంటే తినడానికి మనమున్నాం కదక్కా!"

పైడితల్లి చివరి రెండు గీతలూ చెరిపేసింది.

"సరే బాబూ, అయిదు. కానీ కూలి కట్టని పని మేం చెయ్యం. భయపడకుండా తవ్వడానికి ఎన్ని దార్లు కావాలో అన్నీ పెట్టుకుంటాం."

"పెట్టుకో, పెట్టుకో!" ఏడుని అయిదు చేసిన సంబరంలో గుర్నాథానికి ఇంకేం వినపడలేదు. పైగా సాయంత్రం దాకా లెక్కగట్టి మొత్తం కాయలు ముందే మూటగట్టి ఇచ్చాడు.

బేరంలో పీనాసి ఇవ్వడంలో దాతయ్యాడంటే అర్థమేంటి? పైడితల్లి మూట తవిటయ్య వీపు మీద పెట్టి, "నువ్వు ఇంటికి బయల్దేరన్నా, ఇప్పుడే," అంది. అన్న బయల్దేరాడు. గంట తర్వాత చూసినా బయల్దేరుతూనే ఉన్నాడు.

సాయంత్రానికి బొరియ తయారైంది. గుర్నాథం వాకిట్లో అడ్డంగా కూర్చున్నాడు.

"మేస్త్రమ్మా, పని బాగుంది! అందరూ ఒక్కచోట నిలబడండి. లోపలికొచ్చి మెచ్చుకుంటాను."

"రండి బాబూ!" లోపల్నుంచి బుల్లెమ్మ గొంతు.

గుర్నాథం దూరాడు. ఎవరూ లేరు.

"ఎక్కడే?"

"ఇక్కడే బాబూ!" ఈసారి సోములు గొంతు, నెత్తి మీంచి. తల పైకెత్తితే ఒక కంత. ఎడమన ఒకటి. వెనక మరొకటి. ఎవరి దారి వాళ్లే తవ్వుకుని, ఎవరి దారిన వాళ్లే పోయారు.

అప్పుడే ఉరిమింది. వాన దబదబా కొట్టింది. మూడు కంతల్లోంచీ నీళ్లు గుర్నాథం నెత్తిన పడ్డాయి. తోకనుంచి చెవుల దాకా తడిసి బయటికొచ్చాడు.

"ఇదేం బొరియే? జల్లెడలా ఉంది!"

గట్టు మీంచి పైడితల్లి అంది. "ఆ రెండు కాయలూ కట్టుంటే ఒక్కటే దారి ఉండేది, బాబూ."

"పూడ్చడానికెంత?"

"గంటకి పదకొండు. నీళ్లలో పని."

గుర్నాథం తుమ్మాడు. ఆ తుమ్ముకి ఏం కూలి కట్టాలో ఎవరికీ తెలీలేదు.

కూలిలో కోసింది పనిలో తేలుతుంది.

ఇంటి వాకిట్లో నిలబడి పైడితల్లి లెక్కపెట్టింది. బుల్లెమ్మ వచ్చింది. సోములు వచ్చాడు, అడ్డంగానే. తవిటయ్య ఇంకా దారిలోనే ఉన్నాడు. కానీ వానలో వీపు మెరుస్తూ కనపడుతోంది, కదులుతోంది కూడా. అతన్నీ లెక్కలో వేసుకుంది.