ముఖం పడని పాపులు

పూర్వం ఒక జమీందారు కొత్తగా కెమెరా కొని, ఊరి జనాన్ని ఎండకు వీపు పెట్టించి ఫొటోలు తీశాడు. అన్నింట్లోనూ ముఖాలు మసిబొగ్గులే. తప్పు తమదని దొరలు ఒప్పుకున్నదెప్పుడు? "ముఖం పడనివాడు పాపి. ఊరొదిలి పోవాలి!" అన్నాడు.

చేపలమ్మే నూకాలు మొగుడికీ ముఖం పడలేదు. నూకాలు చేతులు కట్టుకుని, "అలాగే పోతాం దొరా. పోయేముందు పుణ్యాత్ముడి ముఖం ఎలా పడుతుందో చూస్తాం. మా ఆయన నిలబడ్డ చోటే తమరూ నిలబడండి" అంది.

దొర మీసం దువ్వి నిలబడ్డాడు. దివాను మీట నొక్కాడు. ఫొటో కడిగితే అందులోనూ మసిబొగ్గే!

"తమరికీ బండి కట్టించమంటారా, దొరా?" అంది నూకాలు.

అప్పుడు గాని దొరకు తన వీపు ఎండకు కాలిన సంగతి తెలియలేదు. జనాన్ని ఎండకు ఎదురుగా తిప్పి మళ్లీ తీశాడు. ఊళ్లో పాపులంతా ఒక్క పూటలో పుణ్యాత్ములైపోయారు.