గురవమ్మ చూడని గుహ

నల్లమల అడవిలో ఎండలు ముదరకముందు, వాకపూలు తెల్లగా విరగబూసే రోజుల్లో, గురవమ్మ అనే ముసలి కొండముచ్చు అడవి నడకలు నడిపించేది. గడ్డివాము, పశువుల పాక తప్ప వేరే లోకం ఎరగని ఊరి జంతువులు జట్టుగా వచ్చేవాళ్ళు. ఏ చెట్టు ఏమిటో, ఏ అడుగుజాడ ఎవరిదో, ఏ కూతకు ఏమిటి అర్థమో ఓపిగ్గా చెబుతూ వాళ్ళను పొద్దుటి పూట తిప్పుకొచ్చేది. ఆవిడ నియమాలు మూడే. నన్ను దాటి ముందుకు పోవద్దు. బాట దిగి పొదల్లోకి పోవద్దు. నడక అయ్యేదాకా ఎవరూ ఎవర్నీ తినొద్దు.

మూడో నియమం విని ఊరి జంతువులు నవ్వేవాళ్ళు. అడవి జంతువులు నవ్వేవాళ్ళు కారు.

ఆ రోజు అడవికోడి చుక్కమ్మకైతే ఏడుపొక్కటే తక్కువ. చుక్కమ్మ పద్దెనిమిది రోజులుగా ఎనిమిది గుడ్ల మీద కూచుని ఉంది. గుడ్డు పిల్ల కావడానికి ఇరవై ఒక్క రోజులు పడుతుంది కదా, ఇంకా మూడు రోజులే మిగిలాయి. ఆమె రోజుకొక్కసారే గూడు దిగేది. గుడ్ల మీద ఎండుటాకులు కప్పి, నాలుగు చెదపురుగులు ఏరుకు తిని, నీడ జానెడు జరిగేలోపు తిరిగొచ్చేది. అంతకు మించితే గుడ్లలోని ప్రాణం చల్లబడిపోతుంది. అలా తినివస్తూ చూసేసరికి, తన గూడున్న వాకపొదకు ఇరవై అడుగుల దూరంలో, నల్లమద్ది చెట్టు కింద నడక జట్టు ఆగి ఉంది. ఎద్దు బసవయ్య, మేక ఓబులమ్మ ఊరివాళ్ళు. వాళ్ళతో బాధ లేదు. మూడోవాడు నక్క చెంగల్రాయుడు!

చుక్కమ్మ ఉన్నచోటే ఆగిపోయింది. గూటికి వెళ్తే నక్కకు దారి చూపించినట్టే. వెళ్ళకపోతే గుడ్లు దక్కవు.

"ఏమ్మా, అలా నిలబడిపోయావ్? నడకకొచ్చావా?" అంది గురవమ్మ.

"ఆ... అవునవ్వా, నడకకే."

"రా చెల్లెమ్మా, నా పక్కన చోటుంది" అన్నాడు చెంగల్రాయుడు, తోక ముడిచి మర్యాదగా.

"వద్దులే అన్నా. నీ పక్కన నిలబడితే నాకు ఊపిరాడదు."

బసవయ్య గంట కదిలేట్టు నవ్వాడు. గురవమ్మ మాత్రం నవ్వలేదు. కోడిని పైనుంచి కిందికి ఒక్కసారి చూసి, మళ్ళీ చెట్టు వైపు తిరిగింది.

"ఈ నల్లమద్ది బెరడు చూశారా? మొసలి వీపులాగా లేదూ? ఇదిగో, ఈ ఉబ్బు ఉన్నచోట లోపల నీళ్ళు దాచుకుంటుంది. ఎండాకాలం దాహంతో ప్రాణం మీదికొచ్చినవాడికి ఈ చెట్టే బావి."

"అయితే ఒక గాటు పెట్టి తాగుదామా?" అన్నాడు బసవయ్య.

"నీ ప్రాణం మీదికొచ్చిందా ఇప్పుడు?"

"లేదు."

"మరి నోరు మూసి చెవులు తెరువు నాయనా."

బసవయ్య బుద్ధిగా చెవులు నిక్కించాడు. చెట్టు కడుపులో నీళ్ళుంటాయన్న మాటకు ఆ పెద్ద కళ్ళు ఇంకా పెద్దవయ్యాయి. తను ఈ చెట్టు పక్కనే పుట్టి పెరిగినా ఆ సంగతి చుక్కమ్మకూ తెలియదు. మరో రోజైతే ఆవిడ చెప్పేదంతా నోరు తెరుచుకుని వినేదే. ఇప్పుడు మనసంతా ఆకుల కిందే ఉంది.

చెంగల్రాయుడు గొంతు సవరించుకున్నాడు. "పంతులమ్మా, జ్ఞానం కోసం అడుగుతున్నాను, తప్పుగా అనుకోకు. ఈ అడవికోళ్ళు గుడ్లు ఎక్కడ పెడతాయంటావు?"

"మంచి ప్రశ్న. నేల మీదే. పొద మొదట్లో, ఆకుల మధ్య" అంది గురవమ్మ తడుముకోకుండా.

ఈ ముసలమ్మ నోరే నా కొంప ముంచేట్టుంది, అనుకుంది చుక్కమ్మ.

"అలాంటి పొద ఒకటి చూపించకూడదూ?"

"గూళ్ళు చూపించుకుంటూ పోతే వచ్చే ఏడు చూపించడానికి ఈ అడవిలో ఏం మిగులుతుంది? అది తప్ప ఇంకేమైనా అడుగు."

నక్క తలూపాడు. తర్వాత ఓబులమ్మ చెవిలో గుసగుసగా అన్నాడు: "పిచ్చి మేకా, దారి చూపేవాళ్ళ నోరు వినకు, కళ్ళు చూడు. వీళ్ళు దేన్ని దాచాలనుకుంటారో దాని వైపు చూడనే చూడరు. మూడేళ్ళుగా ఇలాంటి నడకల వెంట తిరిగి నేర్చుకున్న విద్య ఇది."

"ఏం దాస్తారు?" అంది ఓబులమ్మ గట్టిగా.

"ష్! మెల్లిగా!"

ఆ గుసగుస చుక్కమ్మకూ వినపడింది, అటు గురవమ్మ చెవి కూడా ఒకసారి కదిలింది. జట్టు కదిలింది, ఇంకో రెండడుగులు వేస్తే వాకపొద. ముసలమ్మ గూడు సంగతి కనిపెట్టినా ముప్పే, కనిపెట్టకపోయినా ముప్పే. కనిపెడితే చూపు తిప్పుకుంటుంది, నక్క పట్టేస్తాడు. కనిపెట్టకపోతే జట్టును తెచ్చి పొద ముందే నిలబెడుతుంది.

గురవమ్మ సరిగ్గా ఆ పొద ముందే ఆగింది. ఆగడమే కాదు, వేలు పెట్టి చూపించింది. "ఇటు చూడండి, వాకపొద. మల్లెల్ని మించిన వాసన. కాయలు పుల్లగా ఉంటాయి, పచ్చడికి బాగుంటాయి. ముళ్ళు మాత్రం జాగ్రత్త. దీన్ని ఎంతసేపు చూసినా తనివి తీరదు నాకు!" అంటూ పొద మొదలు దాకా తేరిపార చూసింది.

చుక్కమ్మ కళ్ళు మూసుకుంది.

చెంగల్రాయుడు ఆవులించాడు. ముసలిది ఇంతలా చూస్తోందంటే ఇక్కడ పూలు తప్ప ఏమీ లేనట్టే. పూల ఘాటుకు ఒకసారి తుమ్మి ముందుకు కదిలాడు.

అక్కణ్ణుంచి యాభై అడుగులు వెళ్ళాక బాట పక్కన పెద్ద బండ, దాని కింద చీకటిగా ఒక గుహ వచ్చాయి. అక్కడికి చేరగానే గురవమ్మ తీరు మారిపోయింది. ముఖం అవతలి వైపుకు తిప్పేసుకుంది. అడుగు వేగం పెంచింది. "ఇక్కడ మనకేమీ లేదు, నడవండి నడవండి" అని తొందరపెట్టింది. "బసవయ్యా, అటు కాదు, ఇటు చూడు, ఆకాశం ఎంత బాగుందో!"

"ఎప్పుడూ ఉండే ఆకాశమేగా అవ్వా?"

"అయినా చూడు!"

చెంగల్రాయుడి మీసాలు నిక్కాయి. "అబ్బా, కాల్లో ముల్లు!" అంటూ కుంటడం మొదలుపెట్టాడు. "మీరు పదండి పంతులమ్మా, తీసుకుని వస్తాను."

"బాట దిగకు సుమా!"

"నేనెందుకు దిగుతాను?"

మలుపు తిరగగానే గురవమ్మ ఆగింది. చుక్కమ్మ దగ్గరకు వచ్చి చెవిలో అంది: "ఇక పరుగెత్తు తల్లీ. నీ గుడ్లు చల్లబడుతున్నాయి."

"నీకెలా తెలుసవ్వా?"

"నీ పొట్ట మీద ఈకలు రాలి చర్మం కనబడుతోంది. పొదిగే తల్లికే అలా ఉంటుంది. ఆ చర్మానికి వాకపువ్వు రేక ఒకటి అంటుకుంది. ఈ చుట్టుపక్కల వాకపొద ఒక్కటే ఉంది. పో ఇక!"

చుక్కమ్మ తన పొట్ట వైపు చూసుకుంది. అంత పెద్ద అడవిని చదివే కళ్ళు తన పొట్ట మీది రేకను కూడా చదివాయన్నమాట. రెక్కలు విదిల్చి, పొదల చాటుగా ఎగిరి, గూట్లో పడింది. ఆకులు తోసి ఒక్కో గుడ్డునూ ముక్కుతో తాకింది. ఏడు గోరువెచ్చగానే ఉన్నాయి. అంచున ఉన్న ఎనిమిదోది కొంచెం చల్లబడింది. దాన్ని మధ్యకు లాక్కుని పొట్ట ఆనించింది. చాలాసేపటికి లోపల సన్నగా ఏదో కదిలింది.

అంతలో బండ వైపు నుంచి కేక వినపడింది. అడవంతా ఉలిక్కిపడింది.

ఆ గుహలో ముళ్ళపంది మల్లయ్య పగటినిద్రలో ఉన్నాడు. ముళ్ళపంది ముళ్ళు విసురుతుందని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. వెనక్కి తిరిగి, ముళ్ళన్నీ లేపి, ఒక్క ఊపున వచ్చి గుచ్చుతుంది. చెంగల్రాయుడు గుహలోకి తల దూర్చి, వాసన చూద్దామని ముక్కు చాపిన క్షణంలోనే మల్లయ్య వెనక్కి తిరిగాడు.

కాసేపటికి జట్టు మళ్ళీ నల్లమద్ది కిందికి వచ్చింది. ముక్కు నిండా, మూతి నిండా నలుపూ తెలుపూ చారల ముళ్ళతో చెంగల్రాయుడు వచ్చాడు. కళ్ళ వెంట నీళ్ళు ధారగా కారుతున్నాయి. వాకపొదకు మూరెడు దూరం నుంచే నడిచి వెళ్ళాడు. చుక్కమ్మ తల రెక్కల్లోకి దాచుకుంది. ఆ ముక్కుతో ఇక ఏ వాసనా పట్టే వీలు లేదు.

"మోసం చేశావు పంతులమ్మా!" అన్నాడు ముక్కుతో.

"నేనా? ఇక్కడ మనకేమీ లేదని చెప్పానా లేదా? బాట దిగకని చెప్పానా లేదా?" అంటూ గురవమ్మ అతన్ని కూచోబెట్టి మూతి పట్టుకుంది. "కదలకు. బసవయ్యా, ఓబులమ్మా, దగ్గరకు రండి. బయల్దేరేటప్పుడు మీరు ముళ్ళపంది ముల్లు చూడాలన్నారుగా? ఇదిగో, ఎంత వాడిగా ఉందో చూడండి. ఎన్నున్నాయో లెక్కపెడుతూ పీకుదాం. చెంగల్రాయుడూ, ఇదే నీకు ఆఖరి నడక. బాట దిగినవాణ్ణి మళ్ళీ తీసుకెళ్ళను."

"ఒకటి!" అన్నాడు బసవయ్య ఉత్సాహంగా.

"అమ్మో!" అన్నాడు నక్క.

ఆ లెక్క పంతొమ్మిది దాకా వెళ్ళింది. పొదలోంచి వింటున్న చుక్కమ్మ ప్రతి అంకెకూ గుడ్ల మీద ఇంకాస్త హాయిగా సర్దుకుంది.

నీతి: ఎదుటివాళ్ళ కళ్ళలోని గుట్టు పట్టడమే తెలివనుకున్నవాడు, తన ముక్కు ఎక్కడ పెడుతున్నాడో చూసుకోడు.