ఉప్పు లేని పులుసు

పశ్చిమాఫ్రికా తీరంలో ఒకప్పుడు ఒక చిన్న దేశం ఉండేది. పాలకుణ్ణి ఎన్నుకునే హక్కు అక్కడి జనానికి కొత్తగా వచ్చింది. పాలకుడు క్వాబెనా మీద మరొకతను పోటీకి నిలిచాడు. క్వాబెనా మాత్రం, "చాటుగా ఓటెందుకు? నేను కావాలనేవాళ్లు నా ఎదుటే చెయ్యెత్తండి" అన్నాడు. భటుల్ని చూసి అందరూ చేతులెత్తారు.

ఒక్క పూటకూళ్లమ్మ ఎఫువా మాత్రం ఎత్తలేదు. "ముందు భోజనాలు కానివ్వండి దొరా" అంటూ అందరికీ వేరుశనగ పులుసు వడ్డించింది. "దొరగారికి ఎంతో ఇష్టమైన పులుసు. ఎలా ఉంది?"

"అమృతం!" అన్నారంతా.

మురిసిపోయిన క్వాబెనా ఒక గుక్క తాగి ఉమ్మేశాడు. "ఇందులో ఉప్పే లేదు! బాగుందని ఎందుకన్నారు?"

"మీరు చూస్తున్నారనే దొరా! పులుసు గురించే నిజం చెప్పలేనివాళ్లు మీ గురించి చెబుతారా?" అంది ఎఫువా.

ఒక భటుడు కత్తి మీద చెయ్యి వేశాడు. క్వాబెనా వద్దన్నాడు. తెర కట్టించి, దాని వెనక పోటీలో ఉన్న ఇద్దరికీ చెరో కుండ పెట్టించమన్నాడు. జనం ఒక్కొక్కరే తెర వెనక్కి వెళ్లి, తమకు నచ్చినవాడి కుండలో గులకరాయి వేశారు.

క్వాబెనా ఓడిపోయాడు. భటులు ఆజ్ఞ కోసం అతనివైపు చూశారు. అతను లేచి వెళ్లి, రాజదండాన్ని గెలిచినవాడి చేతిలో పెట్టాడు.

జనం చప్పట్లు కొట్టారు. ఈసారి ఎవరూ భటులవైపు చూడలేదు.