పాయసం వేడికి ముఖమెటు?

రాజుగారి పుట్టినరోజు. గుండిగలో పాయసం కుతకుతా ఉడుకుతోంది. రాజుగారి వెంట వచ్చిన ఆస్థాన వాస్తుపండితుడు అవధానిగారు వంటశాలలోకి తొంగిచూసి గుండెలు బాదుకున్నారు.

"పొయ్యి దక్షిణముఖంగా పెట్టింది! ఈ పాయసం వేడి యముడి దిక్కే చూస్తోంది ప్రభూ! వంటావిణ్ణి వెళ్ళగొట్టండి."

రాజుకు వింతగా తోచింది. "వేడికి కూడా ముఖం ఉంటుందా?"

"తప్పకుండా ఉంటుంది!"

వంటావిడ గవరమ్మ చేతులు తుడుచుకుంటూ ముందుకొచ్చింది. "ముఖం ఉంటే వీపూ ఉంటుంది కదా ప్రభూ. అవధానిగారిని ఆ వీపు వైపు పట్టుకుని గుండిగ దించమనండి. నేను ఇప్పుడే వెళ్ళిపోతాను."

అవధానిగారు నాలుగు వైపులా చెయ్యి చాపి, నాలుగుసార్లూ వెనక్కి లాక్కున్నారు. రాజు కూడా ఉండబట్టలేక ఓ వేలు ఆనించి, చప్పున నోట్లో పెట్టుకున్నాడు.

"ఎంత వేడో తెలుస్తోంది గానీ, ఎటో తెలియడం లేదు అవధానిగారూ. గవరమ్మ కూడా ఎటూ వెళ్ళదు."