జడికొండ బదనిక పువ్వు

మొక్కను గురించి ఎవరేమడిగినా కూర్మారావు మాస్టారు కూర్చున్న చోటి నుంచి జవాబు చెప్పేవారు కాదు. "ఎక్కడుందది? పద చూద్దాం" అనేవారు. కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పినన్నాళ్ళూ అంతే. రిటైరై, మోకాళ్ళు అరిగి, గుమ్మం దాటడానికి గోడ పట్టుకోవలసి వచ్చాక కూడా అంతే.

ఆయన దగ్గర చివరగా పరిశోధనకు చేరిన శిష్యురాలు ఇందుమతి. ఒక వేసవి మధ్యాహ్నం ఆమె బస్సు దిగి, దుమ్ము కొట్టుకుపోయిన బట్టలతోనే తిన్నగా ఆయన ఇంటికి వచ్చింది. ఫోనులో ఒక బొమ్మ చూపించింది. మద్ది చెట్టు కొమ్మను కరచుకుని పెరిగిన బదనిక మొక్క. పట్నాల్లో ఆర్కిడ్ అని కుండీల్లో అమ్మే పూలకు అడవిలో ఉండే చుట్టం. ఆకుల మధ్య నుంచి వేలాడుతున్న ఒకే ఒక పూలకంకి. లేత పసుపు రేకులు, వాటి నడుమ నేరేడుపండు రంగు పెదవి.

మాస్టారు కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చూశారు. చాలాసేపు చూశారు. "ఇది నేనెరగను" అన్నారు చివరికి. ఆ మాట ఆయన నోట వినడం ఇందుమతికి అదే మొదలు.

"జడికొండ మీద దొరికింది మాస్టారూ. ఇంతవరకు మనవాళ్ళెవరూ ఎక్కని కొండ. మొన్ననే దారి పడింది. కొండంతా గాలించాను. పూసినది ఇదొక్కటే."

దారి ఊరికే పడలేదు. నల్లరాయి కోసం ఆ కొండను లీజుకిస్తారని అందరూ అనుకుంటున్నారు. మరెక్కడా లేని మొక్క ఆ కొండమీద ఉందని నిరూపిస్తే దాన్ని అడ్డం పెట్టుకుని నాలుగు మాటలు గట్టిగా అడగవచ్చు. అయితే నిరూపించడానికి ఫొటోలు చాలవు. పూలకంకిని కోసి, ఆరబెట్టి, రేపు ఎవరొచ్చి అడిగినా చూపించేలా భద్రం చెయ్యాలి. కోస్తే ఈ ఏటికి ఆ మొక్కకు కాయ లేదు, విత్తనం లేదు. కొయ్యకపోతే దానికి పేరు లేదు. పేరు లేనిదాన్ని కాపాడమని ఎవరిని అడుగుతుంది?

"కత్తెర తీశాను మాస్టారూ. చెయ్యి రాలేదు. అలాగే దిగి వచ్చేశాను. మీరు చెప్పండి, కొయ్యనా, వద్దా?"

మాస్టారు గోడకు చేరవేసిన చేతికర్ర అందుకున్నారు.

మర్నాడు పొద్దున్నే జీపులో కొండ సగం వరకు వెళ్ళి, అక్కడి నుంచి నడిచారు. నాలుగడుగులకొకసారి ఆయన ఆగుతుంటే ఇందుమతికి లోపల ఆత్రం. మద్ది చెట్టు కనబడగానే ఆయన చెయ్యి వదిలేసి పరుగెత్తింది. కొమ్మ ఉంది. మొక్క ఉంది. పూలకంకి లేదు. తొడిమ దగ్గర పచ్చిగా తెగి ఉంది.

ఆమె అక్కడే కూలబడింది. ఏడుపు కూడా రాలేదు. మాస్టారు రొప్పుతూ వచ్చి, తెగిన తొడిమను వేలితో తాకి చూసి, పక్కనున్న బండమీద కూర్చున్నారు.

అంతలో చెట్ల వెనక నుంచి ఆడవాళ్ళ నవ్వులు వినిపించాయి. విస్తళ్ళకు అడ్డాకులు కోసుకుని ముగ్గురు జాతాపు గిరిజన స్త్రీలు వస్తున్నారు. నడుమనున్నామె కొత్త చీర కట్టుకుంది. ముప్ఫై అయిదేళ్ళు దాటి ఉంటాయి. ఆమె కొప్పులో లేత పసుపు పూలకంకి.

"ఎవరు కొయ్యమన్నారు నిన్ను?" ఇందుమతి లేచి అరిచినంత పని చేసింది.

ఆమె నిలబడిపోయింది. కొప్పుమీద చెయ్యి వేసుకుంది. "ఏటమ్మా, ఈ సెట్టు నీదా?"

ఇందుమతి ముఖం వేడెక్కింది. తల వంచుకుని, "కాదు. తప్పుగా మాట్లాడాను" అంది. ఆ తర్వాత ఆమె పక్కనే కూర్చుని ఉన్నదున్నట్టు చెప్పింది. ఈ పువ్వును లోకంలో ఇంకెవరూ చూడలేదనీ, దానికి పేరు పెట్టాలంటే పువ్వు కావాలనీ, కొండను తవ్వడానికి మనుషులు వస్తున్నారనీ చెప్పింది.

ఆ స్త్రీ పేరు సుక్కమ్మ. అడ్డాకుల మోపు దించి అన్నీ వింది. "అయితే ఈ పువ్వు ఆ మిషన్లని ఆపుతాదా?"

"ఆపుతుందని మాటివ్వలేను. పేరుంటే అడగడానికి ఒక దారి ఉంటుంది."

సుక్కమ్మ కాసేపు కొండ కిందికి చూసింది. భర్త జ్వరంతో పోయి చాలా ఏళ్ళయింది. అన్నగారి పంచన ఉంది. పొరుగూరి మనిషి ఒకతను మనువాడతానని కబురు పెట్టాడు. ఆవేళే తీసుకెళ్ళడానికి వస్తున్నాడు.

"ఆడు నన్ను సంతలోనే సూసినాడమ్మా, నెత్తిమీద మూటతోటి. ఇయ్యాల పువ్వుతోటి సూడాల" అంది. తర్వాత నవ్వింది. "నువ్వూ రా. ఆడు సూసినాక ఇచ్చేస్తాను."

అలా గురుశిష్యులు అనుకోని పెళ్ళికి వెళ్ళారు. ఊరు చెట్టుకు కూతవేటు దూరంలోనే ఉంది. మాస్టారికి నులకమంచం వేశారు. ఇందుమతికి మాత్రం కూర్చోబుద్ధి కాలేదు. ఎండ ముదురుతోంది. సుక్కమ్మ వంగినా, తల తిప్పినా ఆమె చూపు కొప్పు మీదికే పోయేది. పెళ్ళికొడుకు వచ్చాడు. సన్నగా, సిగ్గరిగా ఉన్నాడు. సుక్కమ్మ కొప్పు వంక ఒకసారి చూసి కళ్ళు దించుకున్నాడు. మళ్ళీ చూశాక ఇక దించుకోలేదు.

డప్పు మోగింది. ఆడవాళ్ళు ఒకరి నడుము ఒకరు పట్టుకుని థింసా ఆటకు లేచారు. పువ్వు రాలితే పట్టుకుందామని ఇందుమతి వరస వెనకే తిరగసాగింది. అది చూసి ఒక ముసలమ్మ ఆమెను లాగి సుక్కమ్మ పక్కన నిలబెట్టింది. మొదట అడుగులు తడబడ్డాయి. కాసేపటికి కుదిరాయి. ఎప్పుడో పువ్వు మాట మరిచిపోయింది. సుక్కమ్మ కొప్పు వదులై కంకి జారబోయినప్పుడు, తన జడలోని పిన్ను తీసి దాన్ని గట్టిగా గుచ్చింది. తీసుకోవడానికి అంతకంటే మంచి అదను లేదని ఆమెకు తోచనే లేదు.

పొద్దు వాలకముందే పెళ్ళివారు కొండ దాటాలి. సుక్కమ్మ వచ్చి, కంకి తీసి ఇందుమతి దోసిట్లో పెట్టింది. ఒక రేకు రాలిపోయింది. కాడకు తలవెంట్రుక ఒకటి చుట్టుకుని ఉంది.

"దీనికి నీ పేరు పెట్టనా?" అని అడిగింది ఇందుమతి.

"నాను పోతన్నాను కదమ్మా. కొండ పేరు పెట్టు. అది ఎక్కడికీ పోదు."

వానాకాలం గడిచింది. రేకు రాలిన ఆ కంకినే వృక్షశాస్త్రంలో పెద్దలు పరీక్షించి, కొత్త జాతేనని ఒప్పుకున్నారు. జడికొండ పేరుతో అది శాస్త్రపత్రికలో అచ్చయింది. ఆ ఊరివాళ్ళు ఆ కాగితం పట్టుకుని వెళ్ళి లీజు మీద అభ్యంతరం పెట్టారు. తీర్పు రాలేదు. మిషన్లూ రాలేదు.

అచ్చయిన ప్రతితో ఇందుమతి మాస్టారి ఇంటికి వెళ్ళింది. ఆయన మోకాలికి కాపడం పెట్టుకుంటున్నారు. పేరు రెండుసార్లు పైకి చదువుకుని, చిన్నపిల్లవాడిలా నవ్వారు. వెళ్ళబోతూ ఆమె గుమ్మంలో ఆగింది.

"మాస్టారూ, ఆ రోజు మీరు జవాబు చెప్పలేదు. ఆవిడ కొయ్యకపోయి ఉంటే నన్నేం చెయ్యమనేవారు?"

మాస్టారు కాపడం గుడ్డ పక్కన పెట్టారు.

"కొయ్యనా వద్దా అని అడగడానికి కొండ దిగి, బస్సెక్కి నా దాకా వచ్చావమ్మా. ఆ చెట్టు పక్కనే ఊరుంది కదా."