గని కూత శ్రుతి

పరాంకుశం మాస్టారు శిష్యుల ప్రశ్నలకు జవాబు చెప్పేవారు కారు; పని చెప్పేవారు. గమకం ఎందుకు పలకడం లేదని అడిగిన ఒక గుమాస్తాను వారం రోజులపాటు బావిలో నీళ్ళు తోడి రమ్మన్నారని ఊళ్ళో ఇప్పటికీ చెప్పుకుంటారు. పని అయ్యాక కూడా ప్రశ్న మిగిలి ఉంటే మళ్ళీ రమ్మనేవారు. రానివారు ప్రశ్న తీరి రాలేదో, పని చేయలేక రాలేదో, ఆయన ఆరా తీసిన దాఖలా లేదు.

గోదావరి ఒడ్డున ఉన్న ఆ బొగ్గుగనుల ఊరికి ఆయన వయసు మళ్ళాక, చెల్లెలి తోడు కోసం వచ్చారు. అంతకు మునుపు మద్రాసులో సినిమా వాద్యబృందాలలో, ఎవరి కంటికీ ఆనని వెనక వరుసలో కూర్చుని వయొలిన్ వాయించారు. ఆ కొలువులో ఆయనకు మిగిలినవి వంగిన మెడ, ఒక పెట్టెడు రికార్డులు. ప్రతి ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక నలుగురైదుగురు శిష్యులను చాపమీద కూర్చోబెట్టి వాటిలో ఒకటి వినిపించేవారు. ఆయనకు అన్నిటికన్నా ఇష్టమైనది, రెండో ప్రపంచయుద్ధం ముగిసిన రోజులలో ఎమరీ థార్న్ అనే అమెరికా స్వరకర్త రాసిన సింఫనీ. శిష్యులలో ఎవరైనా అలవాటు కొద్దీ తొడమీద తాళం వేయబోతే, "చేతులు ఒళ్ళో పెట్టుకోండి. థార్న్ గారి బండికి మీరు తోలేవాళ్ళు కారు, ఎక్కినవాళ్ళు," అనేవారు.

ఆ సింఫనీలో రెండో భాగం నెమ్మదిగా సాగుతుంది. దాని మొదట్లోనే ఇత్తడి కొమ్ములు ఒక స్వరాన్ని ఎత్తి, దించకుండా నిలుపుతాయి. ఒకరు ఊపిరి తీసుకునే వేళకు మరొకరు అందుకుంటారు గనుక అది తెగదు. దాని కింద తీగవాద్యాలు మొదట స్థిమితంగా కదులుతాయి. కొంతసేపటికి ఉన్నచోటు విడిచి మరో చోటికి జరుగుతాయి. మళ్ళీ ఇంకా లోతుకు దిగుతాయి. కొమ్ములు మాత్రం చలించవు. మాస్టారి గ్రామఫోను మీద పళ్ళెం ఒకింత వేగంగా తిరిగేది. అందువల్ల ఆ స్వరం ఒక వెంట్రుకవాసి పైకి జరిగి, ఊళ్ళో షిఫ్టు మారినప్పుడల్లా వినిపించే గని కూతతో సరిగ్గా కలిసిపోయేది. శిష్యులందరి వయొలిన్లకూ షడ్జం ఆ కూతే. "ఊరంతటికీ ఒక శ్రుతిపెట్టె ఉండగా వేరేది కొనడం దేనికి?" అని మాస్టారే వారికి అలా అలవాటు చేశారు.

ఆ ఆదివారం ఇందుమతి వచ్చి కూర్చోవడం చూసి మిగిలినవారు ముఖాలు చూసుకున్నారు. మూడు రోజుల కిందటే, గురువారంనాడు, గనిలో బండ కూలి ఓదెలు చనిపోయాడు. ఓదెలూ, ఇందుమతి భర్త సదానందమూ గని పైకప్పుకు దుంగల ఊతాలు కట్టే పనివాళ్ళు. ఇళ్ళు రెండు వీధుల దూరం; ఓదెలు ఇంట్లో తల్లి, భార్య కొమురమ్మ. ఆ ఉదయం దిగవలసినవాడు సదానందం. వరంగల్లులో పెరిగి, పెళ్ళయి ఈ ఊరికి వచ్చాక కూడా వయొలిన్ విడిచిపెట్టని ఇందుమతికి ఆ రోజే హైదరాబాదులో రేడియో పరీక్ష. తోడు వెళ్ళడానికి సదానందం డ్యూటీ మార్చుకుంటానని అడిగితే ఓదెలు వారి గుమ్మంలోనే నిలబడి నవ్వాడు.

"పో బావా, నీ డ్యూటీ నేను జేస్త. అక్క ఫిడేలు రేడియోల ఒస్తే మా కొమురమ్మకు ఇనిపియ్యాలె. నేను గూడ ఫలానా అక్క తమ్ముణ్ణని చెప్పుకుంట."

వేళగాని వేళ గని కూత మొదలై ఎంతకీ ఆగనప్పుడు ఊరి ఆడవాళ్ళందరూ గని నోటి దగ్గరకు పరుగెత్తారు. ఇందుమతి ఆ కూత వినలేదు. బహుశా అదే సమయానికి ఆమె పరాయి ఊళ్ళో ఒక చల్లని గదిలో, కళ్ళు మూసుకుని, ఆ కూతను జ్ఞాపకంలోంచి పిలుచుకుని తీగలు బిగించుకుంటూ ఉండి ఉంటుంది. ఆ రెండు వేళలూ ఒకటేనని ఆమెకు ఎవరూ చెప్పలేదు. తనంతట తానే లెక్క వేసుకుంది.

రికార్డు తిరిగింది. కొమ్ములు స్వరం ఎత్తగానే ఇందుమతి చేతివేళ్ళు చాప అంచును పట్టుకున్నాయి. ఆ భాగం ముగిసేదాకా అవి విడివడలేదు.

"మాస్టారూ, ఒక సందేహం," అన్నదామె. "ఆ కొమ్ములు అంత నిబ్బరంగా శ్రుతి పట్టి ఉంటే, మిగిలినవాళ్ళందరూ శ్రుతి ఎందుకు తప్పుతున్నారు? మొదట బాగానే ఉన్నారు. తరవాత ఒక్కరికీ షడ్జం నిలవడం లేదు. వింటుంటే నాకు ఒళ్ళు జలదరిస్తోంది."

"అమెరికాలో తంబురా దొరకదు కాబోలునమ్మా. అందుకే తలోచోట ఉన్నారు," అన్నారు బ్యాంకులో పనిచేసే భూపతిగారు. ఇద్దరు నవ్వారు. మాస్టారు ముల్లు తీసి పక్కన పెట్టారు.

అందరూ వెళ్ళిపోయాక ఇందుమతి గోడవార నుంచి తన వయొలిన్ పెట్టె తెచ్చి ఆయన ముందు ఉంచింది. ఆ వాద్యం మాస్టారిదే. ఆరేళ్ళ కిందట ఆమె చేతికి ఇచ్చారు.

"దీన్ని ఇంకెవరికైనా ఇవ్వండి మాస్టారూ. శ్రుతి చేయబోతే నా చేతులు కూత దగ్గరికే పోతున్నాయి. ఆ స్వరం నేను ఇక వినలేను."

మాస్టారు పెట్టెను చూడలేదు. "కొమురమ్మను పలకరించి వచ్చావా?"

"లేదు మాస్టారూ."

"రేపు మొదటి షిఫ్టు ముగిసే కూత వేళకు ఆ ఇంట్లో కూర్చో. కూత కూశాక ఏం జరుగుతుందో చూసి రా. అప్పుడు మళ్ళీ విందాం."

"నేను అడిగింది రికార్డు గురించి."

"నేను చెప్పిందీ దాని గురించే," అన్నారాయన.

మర్నాడు ఇందుమతి ఆ వీధి మలుపు దాకా వెళ్ళి ఒకసారి వెనక్కి వచ్చింది. దారంతా ఒక వాక్యం కూర్చుకుంది. గుమ్మం చేరేసరికి అందులో ఒక్క మాటా నోట మిగలలేదు. అరుగుమీద కూర్చున్న ఓదెలు తల్లి, వచ్చిందెవరో పోల్చుకుని, కళ్ళమీద అడ్డం పెట్టుకున్న చేతిని దించింది.

"ఇయ్యాల మా ఇంటి తొవ్వ దొరికిందా బిడ్డా?"

లోపల కొమురమ్మ గోడకు చేరగిలి ఉంది. ఏడ్చి ఏడ్చి ఆరిపోయిన ముఖం. చాప చూపించింది. ఇందుమతి కూర్చుంది. మూలన దీపం వెలుగుతోంది. దాని పక్కన పళ్ళెంలో అన్నం ముద్ద ఎండిపోయి ఉంది. కొమురమ్మే ముందు అడిగింది.

"మంచిగ వాయించినవా వదినె?"

ఆ ప్రశ్న వస్తుందని ఇందుమతి అనుకోలేదు. లేదని చెబితే అబద్ధం. ఆ రోజు వాయించినంత బాగా ఆమె ఎన్నడూ వాయించి ఉండలేదు.

"వాయించిన."

"అయితే మంచిదే," అన్నది కొమురమ్మ. "ఆయన ఉత్తగ పోలే."

ఆ మాటలో ఎత్తిపొడుపు ఉందో, ఊరట ఉందో ఇందుమతికి అంతు చిక్కలేదు. ముఖం చూసి తెలుసుకుందామంటే తల ఎత్తే ధైర్యం చాలలేదు. అప్పుడే కూత మొదలైంది.

రోజూ లాగే వచ్చింది. అదే ఎత్తు, అదే నిడివి. వీధిలో తలుపులు చప్పుడయ్యాయి. గనిలోంచి మసితో వచ్చే మగవాడికి కూత కాగానే నీళ్ళు పెట్టడం ఆ ఊరి ఇళ్ళలో రివాజు. రెండు చేతుల్లో రెండు పనులున్నా ఆడవాళ్ళు వాటిని దించి పొయ్యి రాజేస్తారు. ఇంటింటి పెరటిలోంచీ పొగ లేచింది. కొమురమ్మ కూడా లేచింది. కొంగు బిగించి, పెరటిలోకి వెళ్ళి, పొయ్యిలో బొగ్గులు వేసి, కాగు నిండా నీళ్ళు నింపింది. ఆమె నడకలో తొట్రుపాటు లేదు. మరిచిపోయి చేస్తున్నదేమోనని ఇందుమతి ఆపడానికి లేవబోయింది. ఓదెలు తల్లి అరుగుమీది నుంచే వారించింది.

"కూసో బిడ్డా. రోజూ గిదే. కూత గాంగనే లేస్తది. నేను గూడ వద్దంటలేను. పొయ్యి ఎలిగితేనన్న ఇల్లు ఇల్లు లెక్క ఉంటది."

పక్క పెరటిలో మగగొంతు ఒకటి నీళ్ళు చల్లగా ఉన్నాయని విసుక్కుంది. పెళ్ళాం ఏదో చురక అంటించింది. అతను నవ్వాడు. చెంబు చప్పుడు, సబ్బు వాసన గోడ దాటి వచ్చాయి. కొమురమ్మ పొయ్యి ముందు గొంతుక్కూర్చుని, నీళ్ళమీద ఆవిరి లేచేదాకా కదలకుండా చూసింది. కూత ఎప్పుడో ఆగిపోయింది. అయినా అది ఇంకా ఆ పెరటిలోనే నిలిచి ఉన్నట్టూ, కింద నేల మాత్రం ఎవరో లాగేసినట్టూ ఇందుమతికి తోచింది.

"లే వదినె. నీళ్ళు కాగినయి."

ఇందుమతికి అర్థం కాలేదు.

"సావు ఇంటికి ఒచ్చినోళ్ళు తానం జెయ్యక సొంత ఇంట్ల అడుగువెట్టరు గద. ఇంటికాడ మళ్ళ కాగవెట్టుకునుడెందుకు? ఈ నీళ్ళు పోసుకొని పో. రోజూ మోరిల పారవోస్తున్న."

ఇందుమతి తడక చాటుకు వెళ్ళింది. గూట్లో బట్టల సబ్బు ముక్క ఉంది. దాని పగుళ్ళలో బొగ్గు ఇంకా నల్లగా నిలిచి ఉంది. చెంబు ముంచబోతే బయటి నుంచి కొమురమ్మ గొంతు వినిపించింది.

"చన్నీళ్ళు కలుపకు. ఆయన కలుపకపోతుండె."

కట్టుచీరతోనే, ఆ నీళ్ళు అలాగే పోసుకుంది ఇందుమతి. భుజాలు బొబ్బలెక్కినట్టు మండాయి. కాగు అడుగు కనిపించేదాకా ఆపలేదు. ఇవతలికి వచ్చేసరికి కొమురమ్మ ఖాళీ కాగును గోడకు బోర్లిస్తోంది.

"ఇయ్యాల పారవొయ్యలే అత్తా," అన్నది. ముసలామె ఆ మాటకు గోడవైపు తిరిగి పడుకుంది. ఇందుమతి దారి పొడవునా కూర్చుకున్న వాక్యం చెప్పకుండానే తడిచీరతో ఇంటిదారి పట్టింది. ఎవరూ ఆమెను మళ్ళీ రమ్మనలేదు. రావద్దనీ అనలేదు.

చీర మార్చుకుని, తడిజుట్టు ముడి వేసుకుని ఆమె మాస్టారి ఇంటికి చేరేటప్పటికి ఆయన రికార్డును గుడ్డతో తుడుస్తున్నారు. జుట్టు వైపు ఒకసారి చూసి, ఏమీ అడగకుండా ముల్లు పెట్టారు. కొమ్ములు స్వరం ఎత్తాయి. ఇందుమతి ఈసారి చాప పట్టుకోలేదు. తీగవాద్యాలు ఉన్నచోటు విడిచి జరిగాయి. ఆమె కొమ్ములను విడిచి వాటి వెంట వెళ్ళింది. అవి మరింత లోతుకు దిగాయి, అక్కడికీ దిగింది. అక్కడి నుంచి వింటే పైన నిలిచిన ఆ స్వరం ఆమె ఎరిగినదే, ఇసుమంత కూడా మారనిదే, అయినా దాన్ని ఇల్లనుకుని చేరబోతే తలుపు లేదు. భాగం ముగిసింది.

"వాళ్ళెవరూ శ్రుతి తప్పలేదు మాస్టారూ. వాళ్ళ షడ్జమే వేరేచోటికి పోయింది," అన్నదామె.

మాస్టారు ముల్లు ఎత్తి, వయొలిన్ పెట్టెను కాలితో ఆమెవైపు కొంచెం జరిపారు. ఆమె వంగి మూత తీసింది. ఒక తీగ మీటి, బిరడా మీద చెయ్యి వేసి, తిప్పకుండా ఆగిపోయింది.

"ఏ శ్రుతికి చేయమంటారు?"

"కూతకే అమ్మా," అన్నారు మాస్టారు. "కొమురమ్మ ఇంటిదాకా వినపడేది అదొక్కటే."