కణుపుతో నొక్కిన మడత

ఇందులో ఏది ముందు జరిగిందో, ఏది వెనక జరిగిందో నేను తారుమారు చేసి ఉండవచ్చు. ఈమధ్య నాకు నిన్నటి సంగతి కన్నా ముప్పై ఏళ్ళ నాటి సంగతే దగ్గరగా ఉంటోంది, కానీ వరస ఉండటం లేదు. అయినా జరిగింది మాత్రం జరిగిందే.

సింహాద్రయ్య గారికి ఒక అలవాటు ఉండేది. ఎవరైనా ప్రశ్న అడిగితే వెంటనే జవాబు చెప్పేవారు కాదు. అడిగిన మనిషికి ఏదో ఒక పని పురమాయించి, తన పని తాను చూసుకునేవారు. నాగావళి ఒడ్డున ఆయన ఆశ్రమం అంటే మూడు గదులు, ముందు ఒక రేకుల పంచ, అంతే. శనివారాల్లో చుట్టుపక్కల ఊళ్ళ ఆడవాళ్ళు మధ్యాహ్నం పూట అక్కడికి చేరి, ఆయన చెప్పే నాలుగు మాటలూ విని వెళ్ళేవారు. వాళ్ళలో అసిరితల్లి ఒకతె.

ఒక శనివారం ఆమె అందరికన్నా ముందు వచ్చి, పంచలో గుంజ పక్కన నిలబడి అడిగింది. "గురువుగారూ, అనేసిన మాటని వెనక్కి తీసుకోడానికి దారేదైనా ఉందా?"

ఏ మాట అని ఆయన అడగలేదు. "నువ్వు కాగితాలతో నగలు చేస్తావటగా. వచ్చే శనివారం ఆ సరంజామా తెచ్చి మన వాళ్ళకి నేర్పు" అన్నారు.

అడిగినదానికీ చెప్పినదానికీ పొంతన దొరక్క అసిరితల్లి అలాగేనని తల ఊపి వెళ్ళిపోయింది.

సంగతి ఇది. అసిరితల్లికి ఆ పని నేర్పినామె గవరమ్మ. ఊరికి అవతల, రైలు గేటు దాటాక, కుష్టు నయమైనవాళ్ళు ఉండే కాలనీలో ఆమె ఇల్లు. జబ్బు ఎప్పుడో పోయింది గాని, పోతూ పోతూ వేలి కొసలు పట్టుకుపోయింది. ఆసుపత్రిలో ఉన్నప్పుడు చేతులు బిగుసుకుపోకుండా ఒక నర్సమ్మ కాగితాలు మడత పెట్టించేదట. ఆ మడతల్లోంచే గవరమ్మ జుంకాలు తీసింది, హారాలు తీసింది. పాత క్యాలెండరు కాగితాన్ని అరచేతి వెడల్పు ముక్కలుగా కోసి, ఎనిమిది మడతలకి ఒక రేకు చేసి, ఆ రేకుల్ని సూదితో గుచ్చి, రెండు పూతలు వార్నిష్ వేసి చేటలో ఆరబెడితే, వాన చినుకు పడ్డా చెక్కుచెదరని నగ అయ్యేది. కాలనీలో పాలు పొయ్యడానికి వెళ్ళే అసిరితల్లి మొదట వాకిట్లోనే ఆగి చూసేది. తర్వాత అరుగు ఎక్కింది. ఆ తర్వాత పక్కన కూర్చుంది. రెండేళ్ళు నేర్చుకుంది.

"నా పేరు ఎక్కడా సెప్పకే పిల్లా" అనేది గవరమ్మ. "సెప్పేవంటే ఆ జుంకా ఎవరి సెవికీ ఎక్కదు. సెవులు ఊడిపోతాయనుకుంటారు." అని తనే నవ్వేది.

ఆ ఏడాది మండల కేంద్రంలో మహిళా సంఘాల ప్రదర్శన పెట్టారు. అసిరితల్లి ఒక బల్ల వేసుకుని, వచ్చినవాళ్ళకి మడతలు పెట్టి చూపిస్తూ కూర్చుంది. ఆమె ముందు ఎప్పుడు చూసినా పదిమంది నిలబడే ఉన్నారు. ఊరూరూ తిరిగి ఈ పని నేర్పడానికి ఒక మనిషిని ఎంచుతారని అప్పటికే చెప్పుకుంటున్నారు. ఆ మనిషి తనే కావాలని ఆమెకి ఎంత ఆశగా ఉందో ఆమెకే తెలుసు. ఇంతలో పెద్ద మేడమ్ గారొకరు వచ్చి, హారం చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి, మైకు ఆమె నోటి దగ్గర పెట్టి, "ఎవరు నేర్పారమ్మా నీకు?" అని అడిగారు.

"ఎవరూ నేర్పలేదండి. నా అంతట నేనే నేర్చుకున్నాను."

అందరూ చప్పట్లు కొట్టారు. అంతమందిలో చప్పట్లు కొట్టని మనిషి ఒక్కతే ఉంది. ఉతికిన చీర కట్టుకుని, చేతులు కొంగు కింద దాచుకుని, తను నేర్పిన పిల్ల బల్ల ఎలా ఉందో చూసుకుందామని గవరమ్మ అంత దూరం వచ్చింది.

మేడమ్ వెళ్ళాక గవరమ్మ బల్ల దగ్గరికి వచ్చింది. దేన్నీ ముట్టుకోలేదు. చుట్టూ జనం ఉన్నారు కనక, ముక్కూ మొహం ఎరగని మనిషితో మాట్లాడినట్టు, "సేనా బాగున్నాయండి. మీరే సేసేరా?" అంది.

ఏటే పిల్లా అని తప్ప ఏనాడూ పిలవని మనిషి. అసిరితల్లి అవునని తల ఊపింది. ఎవరికీ తగలకుండా పక్కపక్కకి జరుగుతూ గవరమ్మ జనంలోంచి వెళ్ళిపోయింది.

పేరు చెప్పొద్దని ఆవిడే అందిగా అని అసిరితల్లి తనకి తాను ఎన్నోసార్లు చెప్పుకుంది. పేరు దాచమంది గాని, మనిషే లేదని చెప్పమనలేదు. తల ఊపమని అసలే అనలేదు. ఆ రోజు తర్వాత కాలనీకి పాలు తోటికోడలి చేత పంపిస్తూ వచ్చింది.

చెప్పిన శనివారం వచ్చింది. పంచలో చాపల మీద ఆడవాళ్ళు కూర్చున్నారు. అసిరితల్లి మడత పెట్టి చూపిస్తోంది, వాళ్ళు చూసి పెడుతున్నారు. గురువుగారు ఓ మూల కూర్చుని చింతపండులో గింజలు తీసుకుంటున్నారు. కాసేపటికి కుసుమ అనే కొత్త కోడలు, నోరు కొంచెం ఎక్కువ, తన చెయ్యి పైకెత్తి చూసుకుంది.

"అక్కా, నీకు వేళ్ళు పదీ నిక్షేపంగా ఉన్నాయి కదా. మడత మీద గోటితో గీస్తే పోయేదానికి, చెయ్యి ముడిచి వేలి కణుపుతో నొక్కుతావేంటి? నిన్ను చూసి మేమందరం కోతుల్లాగా అదే పని చేస్తున్నాం."

అందరూ నవ్వారు. అసిరితల్లి తన చేతి వంక చూసుకుంది. ముడుచుకుని, కాగితం మీద కణుపులు ఆనించి ఉంది. రెండేళ్ళలో ఆమె ఒక్కసారి కూడా మడతని గోటితో గీయలేదు. గవరమ్మకి గోళ్ళు లేవు. తలెత్తి చూస్తే పంచ నిండా చేతులు, అన్నీ వేళ్ళు బాగున్నవాళ్ళవే, అన్నీ గవరమ్మ చేతిలాగే ముడుచుకుని ఉన్నాయి. ప్రదర్శనలోనూ ఇలాగే నొక్కి చూపించింది. ఎవరూ నేర్పలేదంటూ ఇలాగే నొక్కింది. అదంతా గవరమ్మ చూసే ఉంటుంది. ఆ ఆలోచన రాగానే అసిరితల్లికి మొహం చెవుల దాకా కాలిపోయింది.

"నాకు నేర్పినామెకి వేలి కొసలు లేవు" అంది. గొంతు తనకే వినపడనంత చిన్నగా ఉందని మళ్ళీ అంది. "గవరమ్మ అంటారు. రైలు గేటు అవతల కాలనీ. ప్రదర్శనలో ఎవరూ నేర్పలేదన్నాను. ఆవిడ వింటూండగానే అన్నాను."

నవ్వులు ఆగిపోయాయి. ఒకావిడ చేతిలో కాగితాన్ని మెల్లిగా చాప మీద పెట్టి, చెయ్యి చీరకి తుడుచుకుంది. ఇంకొకావిడ తల దించుకుని జరిగి కూర్చుంది. తను ఇన్నాళ్ళూ భయపడ్డది దీనికే అని అసిరితల్లికి తెలిసింది. కుసుమ మాత్రం ఇంకో మడత పెట్టి, కణుపుతో నొక్కింది.

అసిరితల్లి లేచి వెళ్ళి గురువుగారి ఎదుట కూర్చుంది. "చెప్పేశాను గురువుగారూ. దాచకుండా అందరి ముందూ చెప్పేశాను" అంది. ఆ గొంతులో కొంచెం తేలిక కూడా ఉంది.

ఆయన ఇంకో గింజ తీసి పక్కన పడేశారు.

"మాకెందుకమ్మా చెప్పడం? గేటు మీదుగా వెళ్ళే బస్సు నాలుగింటికి."

వరహాలూ, ఆ రోజు పంచలో నువ్వు కూడా కాగితం పట్టుకుని కూర్చున్నావు కాబట్టి, ఇది చదివి పేర్లు ఒకసారి సరిచూడు చెల్లీ. మిగతావి కాస్త అటూ ఇటూ అయినా ఫరవాలేదు. గవరమ్మ పేరు గవరమ్మేనా అన్నది మాత్రం తప్పకుండా చూడు. ఆవిడ పేరు ఒకసారి మింగేసింది చాలు.